అరవై దాటని ముల్లు

ఎండాకాలం వచ్చేవాళ్ళంతా
ఆవిర్లు కక్కుతా వస్తారు.
గుడ్డ చుట్టిన చేత్తో మూత తిప్పతా
"కాగిపోతా ఉండాది మేస్త్రీ" అని మొత్తుకుంటారు.
ఏకాంబరం ఒక్కడే
మార్గశిరం మంచులో, ఇంకా తెల్లారకముందే,
ఇరువారం కాడ మా షెడ్డు రేకు తట్టి
"బండి వేడెక్కడం లేదన్నా" అన్నాడు,
బిడ్డకు ఆకలి కావడం లేదని చెప్పినట్టు.

పలమనేరు నుంచి చిత్తూరికి టమేటా బుట్టలు మోసే వ్యాను.
ఎంత దూరం తోలినా ముల్లు అరవై కాడే పడుకోనుంటుంది.
పొద్దున్నే నల్లగా దగ్గుతుంది.
లీటరుకు పదమూడిచ్చేది తొమ్మిదికి దిగింది.
రేడియేటర్ ముందర సగానికి అట్టముక్క కట్టినాడు,
ముసలాయన చెవులకు మఫ్లర్ చుట్టినట్టు.

మా చెంగల్రాయుడు నవ్వినాడు:
"చల్లంగా ఉంటే మంచిదే గదన్నా, ఇంక రోగమేముంది?"
వాడి వయసులో నేనూ అదే అనుకున్నాను.

ముందు ముల్లు అబద్ధమాడతా ఉందేమో చూడాల.
సెన్సార్ వైరు పీకి ఇంజిన్ ఒంటికి ఆనించినాను.
ఉలిక్కిపడి ఎర్రగీతదాకా ఎగిరింది.
దాని తప్పేం లేదు.
ఆయిల్ మూత తీస్తే అడుగున పసుప్పచ్చ మీగడ.
ఏకాంబరం మొహం మాడిపోయింది, "హెడ్డు పోయిందా?"
"లేదబ్బా, ఆవిరి.
ఆరేంత వేడి లేక ఆడనే పేరుకునింది."

స్టార్ట్ చెయ్యమని
పై గొట్టం మీద అరచెయ్యి పెట్టినాను.
ఖుద్దూస్ మేస్త్రి అంటా ఉండె:
గేజి చూసేవాడు డ్రైవరు, గొట్టం పట్టేవాడు మెకానిక్కు.
బాగుండే బండికి
ఈ గొట్టం శానాసేపు బావిగట్టు రాయంత చల్లన.
నీళ్ళు లోలోపలే తిరిగి తిరిగి కాగి
ఎనభైరెండు కాడ తలుపు తీసుకుంటే
అప్పుడు చురుక్కుమంటుంది చెయ్యి.
ఇక్కడ మొదటి నిమిషం నుంచే
పైగొట్టమూ కింది గొట్టమూ అక్కచెల్లెళ్ళ మాదిరి
కూడబలుక్కోని గోరువెచ్చన.
తలుపు తెరిచే ఉండాది.
పుట్టిన వేడి పుట్టినట్టే
గాలికి పోతా ఉండాది.

రెండు బోల్టులు. ఒకటి తుప్పుకు పట్టేసి
మొలకోల కొసంత పొడుగు పైపేసి తిప్పితే గానీ రాలేదు.
ఇరుక్కుపోయిన థర్మోస్టాట్ కోసం వేలు పెట్టినాను.
ఏమీ లేదు.
గుండ్రటి బొక్క. అంతే.
మూతకు అంటుకున్న ప్యాకింగ్ మాత్రం
ఎవరో బ్యాటరీ పెట్టె అట్టను కత్తిరించి పెట్టింది,
ఎడం పక్క బోల్టు కాడ చిన్న తోక.

ఎడంచేతి కత్తెర తోక.
నా చెయ్యి.

పదకొండేండ్ల కిందట, మొగిలి ఘాట్లో,
మామిడికాయల లోడు, మిట్టమధ్యాన్నం,
ఈ వ్యానే, అప్పుడు నీలం రంగు, వేరే ఓనరు.
మేస్త్రి ఊళ్ళో లేడు. నాకు పంతొమ్మిదేండ్లు.
ఆ తలుపు పీకి లోయలోకి విసిరేసినాను.
నీళ్ళు పోస్తే బండి కొండెక్కింది.
ఆ డ్రైవరు నా తలమీద చెయ్యి పెట్టి
"నీ కడుపు చల్లగుండ" అన్నాడు.
ఆ దీవెన నాకు తగల్లేదు,
ఇంజిన్‌కు తగిలింది.

కొత్తది తెప్పించినాం.
గజలక్ష్మి టీ అంగట్లో మసిగిన్నె అడిగి
దారం కట్టి మరిగే నీళ్ళల్లోకి దించితే
మొండిగా కొంతసేపు,
తర్వాత నిద్రలేచే బిడ్డ నోరు మాదిరి
కొంచెం కొంచెం తెరుచుకునింది.
చెంగల్రాయుడు "అబ్బా" అన్నాడు.
ఆ రోజు నాకు "ఆగు" అని చెప్పడానికి
ఘాట్లో ఎవరూ లేరు.

బిగించినాక ముల్లు లేచి
నడిమధ్య నిలబడింది.
ఏకాంబరం అట్టముక్క పీకేస్తా అడిగినాడు,
"ఎవుడన్నా దాన్ని తీసేసిన ఎదవ?"
"ఎవరో కుర్రోడు" అన్నాను.
కూలి వద్దన్నాను. ఎందుకో అడగలేదు.

పాత అట్టముక్క మీద కూచోని
చెంగల్రాయుడు ఇంకో బండికి ప్యాకింగ్ కత్తిరిస్తా ఉండాడు.
అంచులకేసి చూస్తా ఉండా.